పత్రహరితమును తూచు కిరణము

గోంగూర ఆకును కడిగి మూకుడులో మగ్గించునప్పుడు దాని రంగు మారుట ప్రతి ఇంటిలోను చూచునదే. పొయ్యిమీద పెట్టిన కొద్ది నిమిషములలోనే పచ్చని ఆకు పాచిరంగుకు తిరుగును. అదే పొయ్యిమీద తోటకూరను ఉత్తనీళ్ళలో ఉడికించినచో పచ్చదనము అంత త్వరగా పోదు. అందులో చింతపండు పులుసు పోసిన తరువాత మాత్రము అదియు గోంగూర దారినే పట్టును. ఇందులకు కారణము పులుపు. గోంగూరలో పులుపు పుట్టుకతోనే యున్నది. తోటకూరకు మనము చేర్చుచున్నాము. వేడి ఈ పనిని త్వరపరచును.

ఆకునకు పచ్చదనమునిచ్చు పదార్థమును పత్రహరితము అందురు. దీని అణువు నడుమ ఒకే ఒక మెగ్నీషియము పరమాణువు, బండిచక్రములో కుండ వలె కూర్చొని యుండును. చుట్టునున్న నాలుగు నత్రజని పరమాణువులు దానిని పట్టి యుంచును. పులుపు తగిలినప్పుడు రెండు హైడ్రోజనులు లోపలకు చొరబడి మెగ్నీషియమును వెలుపలకు నెట్టివేయును. మిగిలినదానికి ఫియోఫైటిను అని పేరు. రంగులో అది గోధుమవన్నె కలిసిన పాచి. హైడ్రోజను బరువును సుమారు 1 అని పెట్టుకొనినచో, మొదటి రకపు పత్రహరితము బరువు 892. ఇందులో 24 బరువు గల మెగ్నీషియము పోయి, 1 చొప్పున రెండు హైడ్రోజనులు వచ్చును గనుక ఫియోఫైటిను బరువు 870. ఈ రెండు అంకెలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఇక ముందు చెప్పబోవు వ్యవహారమంతయు ఈ 22 తేడాపైననే నడుచును.

వంటింటిలో జరుగు ఈ మార్పే పరిశోధనశాలలోని యంత్రములో కూడ జరుగ వీలున్నది. ఆకును పరీక్షకు పంపితిరి. ఆకులో పత్రహరితము నిక్షేపముగా నున్నది. కాని యంత్రములో దానితో కలిపిన మందు పులుపు జాతిదైనచో, తూచుటకు ముందే మెగ్నీషియము ఊడిపోవును. అప్పుడు వచ్చు కాగితములో ఆకునందు ఫియోఫైటిను మాత్రమే కానవచ్చును. ఆకు చేనులోనే చెడినదా, నిలువలో చెడినదా, లేక తక్కెడలో చెడినదా? మునగాకు పొడి, కరివేపాకు పొడి అమ్మువారికి పచ్చదనమే ధర. పత్తిలో ఆకు ఎఱ్ఱబారినదని కంగారుపడు రైతునకు మెగ్నీషియము మాట వినగానే మందు కొట్టవలెనని తోచును. కావున ఆ తక్కెడ ఎట్లు పనిచేయునో, ఏ మందుతో ఎట్టి ఫలితము వచ్చునో తెలిసికొనుట వృథా కాదు.

అణువును తూచు విధము

ఒక అణువును తక్కెడలో వేయుట సాధ్యము కాదు. అందుచేత దానిని పరుగెత్తించి తూచెదరు. ముందుగా అణువునకు విద్యుదావేశము కల్పింపవలెను. ఆవేశము లేని అణువును విద్యుత్తు లాగజాలదు. ఆవేశము వచ్చిన అణువును అయాను అందురు. గాలి తీసివేసిన గొట్టములో సుమారు 20,000 వోల్టుల విద్యుత్తుతో ఈ అయానులను ముందుకు తోయుదురు. తోపు అందరికి ఒక్కటే. ఒకే జత ఎడ్లు ఒకసారి వట్టిబండిని, మరొకసారి ధాన్యపు బస్తాల బండిని లాగినట్లు, తేలికవి ముందు, బరువైనవి వెనుక చివరి పలకకు చేరును. నాలుగు రెట్ల బరువున్న దానికి రెండు రెట్ల కాలము పట్టును. చేరిన కాలమును బట్టి బరువును లెక్కకట్టుదురు.

పత్రహరితపు అయాను ఈ గొట్టములో సెకనుకు సుమారు 65 కిలోమీటర్ల వేగముతో పోవును. మీటరు పొడవును దాటుటకు దానికి పట్టు కాలము, సెకనును 10 లక్షల భాగములు చేసినచో, అందులో 15 భాగములు. 870 బరువుగల ఫియోఫైటిను దానికంటె అట్టి భాగములో ఐదవవంతు ముందుగా చేరును. ఈ స్వల్పపు తేడాను యంత్రము సునాయాసముగా పట్టుకొనగలదు. కష్టమంతయు అణువును చెడకుండ పలకమీదనుండి లేపి, దానికి ఆవేశము కల్పించుటలోనే యున్నది.

లేసరు అనునది ఒకే రంగుగల, ఒకే దిక్కుకు పోవు తీక్షణమైన కాంతి. దానిని నేరుగా పెద్ద అణువుమీద పడవేసినచో, నీరు పోయకుండ పొయ్యిమీద పెట్టిన బెల్లము వలె అది మాడి ముక్కలగును. ఈ చిక్కును విడదీసిన ఉపాయమే మాట్రిక్సు. మాట్రిక్సు అనగా తూచవలసిన పదార్థముతో చాల హెచ్చుగా కలుపు సహాయద్రవ్యము. నువ్వులు చల్లునప్పుడు విత్తనములు ఒకచోట గుంపుగా పడకుండ ఇసుకతో కలుపుట మన రైతులకు అలవాటే గదా. ఇక్కడను అదే పద్ధతి. ఒక అణువునకు వేలకొలది మాట్రిక్సు అణువులను కలిపి, ఒక చిన్న బొట్టును ఉక్కుపలకపై వేసి ఆరబెట్టుదురు. బొట్టు ఆరి పటికబెల్లము వలె పలుకులు కట్టును. తూచవలసిన అణువులు ఆ పలుకులలో ఒకదానినొకటి తాకకుండ ఇమిడి యుండును. లేసరు దెబ్బను మాట్రిక్సు తనపై వేసికొని, ఆవిరియై చిమ్ముచు, తనతోపాటు అతిథిని కూడ గాలిలోనికి లేవనెత్తును. ఇసుకకు లేని గుణము దీనికొకటి యున్నది: అతిథికి ఆవేశమునిచ్చునది కూడ ఇదే.

ఈ ఉపాయము ఇద్దరు ముగ్గురికి ఇంచుమించు ఒకే కాలములో తట్టినది. 1985లో జర్మనీ దేశమునందు మైకేల్ కరాస్, ఫ్రాంజ్ హిల్లెన్‌కాంప్ అను శాస్త్రజ్ఞులు, లేసరు కాంతిని పీల్చని అలనీను అను పదార్థము, ఆ కాంతిని పీల్చు ట్రిప్టోఫేనుతో కలిపినచో తక్కువ కాంతికే పైకి లేచుచున్నదని కనుగొనిరి. మాట్రిక్సు అను మాటను ఈ పనికి వాడుకలోనికి తెచ్చినవారు వీరే. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే జపానులోని క్యోటో నగరమున, షిమాడ్జు సంస్థలో పనిచేయుచున్న కొయిచి తనాకా అను యువ ఇంజనీరు కోబాల్టు లోహపు పొడిలో వేరొక ద్రవము కలుపబోయి గ్లిసరిను కలిపెను. ఆ పొడి ఖరీదైనది; పారవేయుటకు ఆయనకు మనసొప్పలేదు. ఎండిన తరువాత చూతమని లేసరు క్రింద పెట్టగా, అంతవరకు కానరాని పెద్ద అణువుల జాడ కానవచ్చెను. ఆయనకు 2002లో రసాయనశాస్త్రములో నోబెలు బహుమానములో పాలు లభించినది. పారవేయక దాచుకొను గుణము మన పల్లెలలో లోభమని పేరుపడుట కలదు. అది ఒక్కొక్కప్పుడు ఎక్కడికి తీసికొనిపోవునో చూడుడు. జర్మనీవారు 1988లో నికోటినిక్ ఆమ్లము సాయమున 10,000కు మించిన బరువుగల మాంసకృత్తులను తూచి చూపిరి. ఈనాడు ప్రపంచమంతట వాడుకలోనున్న పద్ధతికి వీరి బాటయే ఆధారము. దీనిని పొడి అక్షరములలో మాల్డి అందురు.

చేలలో పుట్టిన మాట్రిక్సులు

మాట్రిక్సుగా పనికివచ్చుటకు ఒక పదార్థము మొదట లేసరు కాంతిని బాగుగా పీల్చుకొనవలెను. ఈ పనికి వాడు నత్రజని లేసరు కాంతి కంటికి కనపడని ఊదాకు ఆవలి రంగుది. మొక్కలు తమను ఎండనుండి, పురుగులనుండి కాపాడుకొనుటకు తయారుచేసికొను పదార్థములలో పెక్కింటికి ఈ కాంతిని పీల్చు గుణమున్నది. కావున మాట్రిక్సుల జాబితాలో మన రైతుకు తెలిసిన మొక్కల పేర్లు తగులుట ఆశ్చర్యము కాదు.

ఇప్పుడు చెప్పిన నికోటినిక్ ఆమ్లము పేరు పొగాకునుండి వచ్చినది. 19వ శతాబ్దిలో రసాయనికులు మొదట దానిని పొగాకులోని నికోటినునుండియే చేసిరి. మాంసకృత్తులకు 1989 నుండి వాడుకలోనున్న సినపినిక్ ఆమ్లమునకు ఆవమొక్కల జాతి లాటిను పేరే ఆధారము. మన పసుపుకొమ్ములోని కర్కుమిను కూడ మాట్రిక్సుగా పనికివచ్చునని 2013లో ఇంగ్లండులోని షెఫీల్డు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దుగ్గిరాల, నిజామాబాదు పసుపు రైతులకు ఇందువలన ధర పెరుగదు, ఏలయన యంత్రమునకు కావలసినది చిటికెలో వేయవవంతు. అయినను తెలిసియుండుట మంచిది.

అన్నిటికంటె విచిత్రమైనది బంతిమొక్క. టమాట తోటలో వేరుముడి నులిపురుగులను అణచుటకు బంతిని అంతరపంటగానో, ముందుపంటగానో వేయుమని విస్తరణాధికారులు చెప్పుచుందురు. బంతివేరులో టెర్థయోఫీను అను పదార్థమున్నది. 1947లో అమెరికాలో బంతిపూవునుండి దీనిని వేరుచేసిరి. నులిపురుగులను చంపు గుణము దీనిదేయని 1958లో డచ్చి శాస్త్రజ్ఞులు తేల్చిరి. వెలుతురు తగిలినచో దీని విషప్రభావము ఇంకను హెచ్చును. కాంతిని అంత ఆత్రముగా పీల్చు ఈ గుణమే దీనిని మాట్రిక్సుల వరుసలోనికి తెచ్చినది. అయితే పైన చెప్పిన పొగాకు, ఆవ సంబంధములైన ఆమ్లములకును బంతి ద్రవ్యమునకును ఒక మూలభేదమున్నది. అవి పులుపు జాతి, ఇది కాదు. ఈ భేదమును చక్కగా విచారింపవలెను.

ప్రోటాను నిచ్చుట, ఎలక్ట్రాను పుచ్చుకొనుట

అణువునకు ధనావేశము రెండు విధములుగా వచ్చును. ఒకటి, ధనావేశముగల కణమును దానికి తగిలించుట. రెండు, ఋణావేశముగల కణమును దానినుండి లాగుట. ధనకణము ప్రోటాను, అనగా ఎలక్ట్రాను పోయిన హైడ్రోజను. ఋణకణము ఎలక్ట్రాను.

పులుపు జాతి మాట్రిక్సులు మొదటి పద్ధతిలో పనిచేయును. పులుపు అనగా ప్రోటానును ఇచ్చివేయు స్వభావమే. మాంసకృత్తులకు ప్రోటానును పట్టుకొను చోట్లు పెక్కులున్నవి గనుక వానికి ఈ పద్ధతి చక్కగా కుదిరినది. పాడిపశువులలో పొదుగువాపు వ్యాధి వచ్చినప్పుడు పాలనుండి సూక్ష్మజీవిని పెంచి, ఆ పెంపకమును చిటికెడు పలకపై రాచి, పులుపు మాట్రిక్సును కలిపి తూచినచో, దాని మాంసకృత్తుల బరువుల వరుసను బట్టి అది ఏ జాతిదో కొద్ది నిమిషములలో చెప్పవచ్చును. ఏ మందు వాడవలెనో నిర్ణయించుటకు ఇది ఎంతో తోడ్పాటు. ప్రోటాను తగిలినందున ప్రతి బరువు 1 పెరిగి కనిపించును, అంతే.

పత్రహరితమునకు ఈ మర్యాద పనికిరాదు. ప్రోటానును ఇచ్చుటకు వచ్చిన పులుపే దాని మెగ్నీషియమును వెళ్ళగొట్టును. అప్పుడు కాగితముపై 892 బదులు 871 వద్ద గీత లేచును. అనగా 870 గల ఫియోఫైటిను, దానికి తగిలిన ప్రోటాను 1. ఇట్టిదే మరొక చిక్కు మిరపలోని ఎఱుపుతోను, టమాట ఎఱుపుతోను, క్యారటు పసుపుతోను ఉన్నది. వీనిని కెరోటినాయిడులు అందురు. వీనిలో పెక్కింటికి ప్రోటానును గట్టిగా పట్టుకొను చోటే లేదు. పులుపు మాట్రిక్సు తలుపు తట్టినను తీయువారుండరు.

ఇట్టి అణువులకు రెండవ పద్ధతి శరణ్యము. ఎట్లనగా, లేసరు తగిలిన మాట్రిక్సు అణువు తన ఎలక్ట్రాను ఒకదానిని పోగొట్టుకొనును. పోగొట్టుకొనిన అణువు ఊరకుండదు. పోయిన దానిని ఎవరినుండియైన రాబట్టుకొనుటకు చూచును. ఆవిరిమబ్బులో దానికి పత్రహరితపు అణువు ఎదురుపడును. పత్రహరితము తన ఎలక్ట్రానును అంత బిగువుగా పట్టియుండదు గనుక అది ఇటునుండి అటు జారును. మాట్రిక్సు అణువు తృప్తిపడి మామూలు స్థితికి వచ్చును. పత్రహరితము ధనావేశముతో, మెగ్నీషియముతో సహా, గొట్టములో పరుగు పెట్టును. ఎలక్ట్రాను బరువు హైడ్రోజను బరువులో సుమారు 1,840వ వంతు గనుక తూనికలో అది లెక్కకు రాదు. 892 అణువు 892 గానే కనిపించును.

ఈ జారుడు ఎప్పుడు జరుగును, ఎప్పుడు జరుగదు అనుదానికి ఖచ్చితమైన నియమమున్నది. కాలువనీరు మెరకనుండి పల్లమునకు పారును గాని ఎదురెక్కదు. అట్లే, మాట్రిక్సు పట్టు అతిథి పట్టుకంటె గట్టిదైననే అతిథి ఎలక్ట్రాను మాట్రిక్సు వైపు జారును. ఈ పట్టును ఎలక్ట్రాను వోల్టులు అను కొలతతో కొలుతురు. ఆంత్రసీను అను మాట్రిక్సు పట్టు 7.4. ఇనుము నడుమ గల ఫెర్రోసీను పట్టు 6.7. పత్రహరితము పట్టు 6కు కొంచెము పైన. కావున ఆంత్రసీను ఈ రెండింటినుండియు ఎలక్ట్రానును లాగగలదు. తన పట్టు 7.4కు మించిన అణువు వచ్చినచో ఆంత్రసీను చేయగలిగినది లేదు. అప్పుడు ఇంకను గట్టి పట్టుగల మాట్రిక్సును వెదకవలెను. ఇందులకే 2000 సంవత్సరము నుండి డి.సి.టి.బి. అను పొట్టిపేరుగల ద్రవ్యము ప్రసిద్ధికి వచ్చినది. దాని పట్టు 8.5 ప్రాంతము. పులుపు లేదు. పైగా స్వల్పమైన లేసరు కాంతికే లేచును గనుక అతిథి ముక్కలగుట తక్కువ. ఈ తరగతి ద్రవ్యములలో ఒకదానిని మాత్రమే ఎన్నుకొనవలసి వచ్చినచో దీనినే ఎన్నుకొనుట మేలని తోచుచున్నది.

ఆంత్రసీను తారునుండి వచ్చు పదార్థము. దీనినుండి 1868లో జర్మనులు ఎఱ్ఱరంగు అలిజరీనును కృత్రిమముగా చేసిరి. బందరు అద్దకపువారు ఇసుకనేలల చిరివేరునుండి తీసిన ఎఱుపు ఆ అలిజరీనే. చిరివేరు సాగు అడుగంటుటకు కారణమైన కుటుంబమునకు చెందిన ద్రవ్యము ఇప్పుడు ఆకుల పరీక్షకు సాయపడుచున్నది.

మొదటి అడుగు, అనగా మాట్రిక్సు తన ఎలక్ట్రానును ఎట్లు పోగొట్టుకొనుచున్నది అను విషయమున శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. చిక్కు ఇది. నత్రజని లేసరు కాంతిని పొట్లములుగా ఊహించినచో ఒక్కొక్క పొట్లములోని శక్తి సుమారు 3.7. రెండు కలిసినను ఆంత్రసీనుకు వలయు 7.4కు ఒక వెంట్రుకవాసి తక్కువగానే యుండును, డి.సి.టి.బి.కి అసలే చాలదు. కాంతిని పీల్చి వేడెక్కిన పక్కపక్క అణువులు తమ శక్తిని ఒకదానికి ధారపోయునని కొందరి వాదము. ఇరుగుపొరుగువారు చందా వేసికొని ఒకరి పెండ్లి జరిపించినట్లు. పలుకు అప్పటికే కరగి ఆవిరియగుచున్న వేడి కూడ లోటు పూడ్చుననువారు మరికొందరు. రెండవ అడుగు, అనగా ఆవిరిలో జరుగు ఎలక్ట్రాను మార్పిడి విషయమున మాత్రము పైన చెప్పిన మెరక పల్లపు నియమము చక్కగా నిలిచినది. 1990 తరువాతి పదేండ్లలో అమెరికాలో ఫెర్రోసీను జాతి పదార్థములపై జరిగిన పరీక్షలు దీనికి పునాది వేసినవి. 2015లో ఇటలీలోని బారీ విశ్వవిద్యాలయము వారు ఈ తరగతి మాట్రిక్సులతో ఆకులలోని పత్రహరితమును మెగ్నీషియము ఊడకుండ తూచి చూపిరి.

పత్రహరితమునకు ఎలక్ట్రాను జారుట కొత్త కాదు. చేనులో అది చేయు పనియే ఇది. ఎండ తగిలినప్పుడు ఆకులోని కొన్ని ప్రత్యేకమైన పత్రహరిత అణువులు ఎలక్ట్రానును విడిచిపెట్టును. ఆ లోటును మొక్క నీటినుండి పూడ్చుకొనును, ఆ పనిలో ప్రాణవాయువు వెలువడును. విడిచిన ఎలక్ట్రాను చేతులు మారుచు పోయి పిండిపదార్థపు తయారీకి తోడ్పడును. పారాక్వాటు అను కలుపుమందు ఈ ఎలక్ట్రానును దారిలో కాజేయుటవలననే మొక్కను మాడ్చును. కనుక ఎలక్ట్రానును లాగు మాట్రిక్సు పత్రహరితమునకు తెలియని పని ఏదియు చెప్పుట లేదు. పులుపు మాట్రిక్సు చెప్పుచున్నది మాత్రము మూకుడులో గోంగూరకు చెప్పిన మాట.

రాగి పచ్చదనము

ఈ భేదము వ్యాపారములో ఎంత దూరము పోవునో చూడుడు. పాతబడిన ఆకుకూరకు, నూనెకు పచ్చదనము తెచ్చుటకు మెగ్నీషియము పోయిన చోట రాగిని కూర్చు ఉపాయము పూర్వమునుండి యున్నది. రాగి పట్టు గట్టిది. పులుపు తగిలినను కదలదు, రంగు వెలవెలబోదు. 2013 అక్టోబరులో తైవాను దేశములో చౌకనూనెలకు ఈ రాగి పత్రహరితమును కలిపి, ఖరీదైన ఆలివు నూనె అని అమ్మిన మోసము బయటపడి పెద్ద అలజడి చెలరేగినది.

మెగ్నీషియము స్థానమున రాగి చేరిన పత్రహరితపు బరువు 931. రాగిలో 63, 65 బరువుగల రెండు రకములు సుమారు 7కు 3 పాళ్ళలో ఉండును గనుక 931 గీత ప్రక్కన 933 వద్ద పెద్ద జోడుగీత కూడ నిలుచును; ఇది రాగికి వేలిముద్ర వంటిది. ఎలక్ట్రాను మాట్రిక్సుతో తూచినచో తాజా పచ్చదనము 892 వద్ద, పాతబడినది 870 వద్ద, రాగిది 931 వద్ద, మూడును వేరువేరుగా తేలును. పులుపు మాట్రిక్సుతో తూచినచో మొదటి రెండును కలిసిపోయి 871 వద్ద ఒక్క గుంపుగా నిలుచును. తాజాసరుకునకు పాతసరుకునకు భేదము చెరిగిపోవును. నిజాయతీగా పండించి ఆరబెట్టిన రైతునకు జరుగు నష్టము ఇదే.

బజారులో పచ్చి బఠాణీలకు, బెండకాయలకు, పచ్చిమిరపకు పూయు మలకైటు గ్రీను సంగతి వేరు. అది పుట్టుకతోనే ధనావేశము గలది. ప్రోటానును ఇచ్చువారును, ఎలక్ట్రానును తీయువారును దానికి అక్కరలేదు. ఇంటిలో దానిని పట్టుటకు యంత్రము కూడ అక్కరలేదు. దూదిని లిక్విడ్ పారఫినులో ముంచి కాయ పైభాగమును రుద్దినచో దూది పచ్చబడుట చాలును.

ఈ తక్కెడ చేయలేని పనులు

కొత్త యంత్రము వచ్చినదనగానే దానినుండి సర్వమును ఆశించుట మనవారి స్వభావము. మాల్డి భూసారపరీక్షకు పనికిరాదు. కాయగూరలలో పురుగుమందుల శేషములను రోజువారీగా పట్టుటకు ద్రవ, వాయు వర్ణలేఖనములతో కలిపిన వేరు యంత్రములున్నవి. ఆ పనికి అవియే తగినవి. ఏలయన, మాట్రిక్సు అణువులు అతిథికంటె వేలరెట్లు హెచ్చుగానుండి, తక్కువ బరువుల చోటనంతటిని తమ గీతలతోనే నింపివేయును. పురుగుమందులలో చాలవరకు బరువు 500 లోపే. వరదలో ఇంటి జాడ వెదకినట్లగును. 2003లో ఫ్రాన్సు దేశములో మన దేశపు కారపుపొడిలో సుడాన్ అను నిషిద్ధమైన ఎఱుపు కనుగొనబడిన పిమ్మట ఐరోపావారు మిరపసరుకునకు పరీక్షాపత్రములు అడుగసాగిరి. గుంటూరు వర్తకులకు ఆ సంగతి తెలియును. ఆ పరీక్షలు ద్రవవర్ణలేఖనముతో జరుగునవి.

బరువు తెలిసినంతమాత్రమున పేరు తెలిసినట్లును కాదు. టమాటలోని లైకోపీను బరువు 536. క్యారటులోని బీటా కెరోటీను బరువును 536. పరమాణువులన్నియు అవే, కూర్పు వేరు. ఇద్దరు మనుషులు ఒకే బరువు తూగినంతలో అన్నదమ్ములు కారు గదా. వారిని వేరుచేయవలెనన్నచో అణువును కావాలని ముక్కలుచేసి, ముక్కలను తూచవలెను. మిరప ఎఱుపైన క్యాప్సాంతిను మాత్రము 584 వద్ద నిలుచును గనుక ఆ రెండింటితో కలియదు.

పత్తి విషయము ముందు ప్రస్తావించితిమి. కాగితములో 871 కనపడినంతమాత్రమున చేనులో మెగ్నీషియము లోపమున్నదని తలచరాదు. ఆకులో మెగ్నీషియము మొత్తము ఎంతయో తెలియవలెనన్నచో ఆకును బూడిదచేసియో ఆమ్లములో కరగించియో చేయు పరీక్ష కావలెను. లోపము నిజమైనచో ముదురు ఆకులలో ఈనెలు పచ్చగనుండి నడుమభాగము మొదట పసుపుబారి, పత్తిలో తరువాత ఎఱుపెక్కును. అప్పుడు లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియము సల్ఫేటు కలిపి పిచికారి చేయవలెను. చలివలనను, నీటి ఎద్దడివలనను, పచ్చదోమవలనను ఎఱ్ఱబారిన ఆకునకు ఈ మందు ఖర్చు దండుగ.

ఆకు నమూనా పంపునప్పుడు

పత్రహరితపు పరీక్షకు ఆకు పంపవలసి వచ్చినచో ఉదయముననే కోసి, తడి తుడిచి, కాగితములో చుట్టి, వెలుతురు చొరకుండ మంచుపెట్టెలో పెట్టి ఆ దినమే చేర్చుట మంచిది. ఎండలో ప్లాస్టికు సంచిలో కట్టి బస్సుపై వేసిన ఆకు దారిలోనే సగము గోంగూర పచ్చడియగును. నిమ్మ, చింత, మామిడి వంటి పుల్లని వానితో ఒకే సంచిలో పెట్టవలదు. ఆకు తన రసములోనే కొంత పులుపును దాచుకొనియుండును. నలిగినచోట అది పత్రహరితమును తాకును. అందుచేత నలగకుండ చూడవలెను. పరిశోధనశాలలో నూరునప్పుడు ఈ పులుపును విరుచుటకు చిటికెడు కాల్షియము కార్బొనేటు, అనగా సుద్ద, చేర్చుట వాడుకలోనున్న మంచి పద్ధతి.

చీడపట్టిన లేక పాతబడిన ఆకుతోపాటు అదే చేనునుండి అదే రకపు ఆరోగ్యవంతమైన తాజా ఆకును కూడ వేరు కాగితములో పంపి, రెండింటిని ఒకే పలకపై, ఒకే మాట్రిక్సుతో తూచవలసినదని కోరుడు. ఫలితపు కాగితము చేతికి వచ్చినప్పుడు విస్తరణాధికారి మొదట చూడవలసినది తాజా ఆకు గీతలు. అందులో 892 వద్ద గీత నిలిచినచో తక్కెడ సరిగానున్నది; రెండవ ఆకు ఫలితమును నమ్మవచ్చును. తాజా ఆకే 871 చూపినచో ఏ మాట్రిక్సు వాడితిరని అడిగి, పులుపు లేని దానితో తిరిగి తూయించవలెను. నమూనాలో కొంత భాగమును మంచులో దాచియుంచినచో ఇందులకు మరల చేనునకు పోవలసిన పని యుండదు.